దొంగతనం ఎక్కడ జరిగినా ముందు మా ఊరి పేరే ఎందుకు? రెండు తెలుగు రాష్ట్రాల పోలీసు పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ డీజీపీ గార్లకు,

నమస్కారం. నేను స్టూవర్టుపురంలో పుట్టాను. కులం ఎరుకల. ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్పుకుని బతుకుతున్నాను. రాత్రీ పగలూ డ్యూటీలు చేసే మీ సిబ్బంది మీద నాకు పగ లేదు. మా ఇళ్లలో వస్తువు పోయినా వచ్చేది వాళ్ల దగ్గరికే. నిజానికి ఈ ఉత్తరం మీకు విడిగా అందాల్సింది. జిల్లాలో సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇచ్చాం. పై ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. కొన్నాళ్లకు ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఈలోగా మమ్మల్ని పిలిచినవాళ్లు లేరు, ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. అందుకని నలుగురూ చదివేట్టు రాస్తున్నాను.

జరిగింది చెబుతాను. మా అక్క కొడుకు ఏసీ మెకానిక్. మా ఊరికి దూరంగా, వేరే జిల్లాలో ఒక పట్టణంలో గది అద్దెకు తీసుకుని పని చేసుకుంటున్నాడు. అక్కడొక అపార్ట్‌మెంట్‌లో బంగారం పోయింది. ఆ ఫ్లాట్లలో ఏసీలు సర్వీస్ చేసిన ముగ్గురు కుర్రాళ్లను స్టేషన్‌కు పిలిచారు. పిలవడంలో తప్పులేదు, ఎవరైనా పిలుస్తారు. ఆధార్ కార్డులు తీసుకున్నారు. మొదటి ఇద్దరివీ ఫోటో చూసి బల్ల మీద పెట్టారు. మావాడి కార్డు వెనక్కి తిప్పి అడ్రస్ చదివిన అధికారి కుర్చీలో వెనక్కి వాలి, “ఓహో, స్టూవర్టుపురమా! ఇంతసేపూ చెప్పవేంరా?” అన్నాడు. పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. ఆ ఇద్దరు కుర్రాళ్లూ సాయంత్రానికి ఇంటికి పోయారు. మావాణ్ని మాత్రం ఉంచేశారు. నోటీసు లేదు, అరెస్టు మెమో లేదు, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టింది లేదు. విషయం తెలిసి మా అక్క వెళ్తే, “ఇంట్లో ఉన్న బంగారం పట్టుకురా, అదో ఇదో చూసుకుంటాం” అన్నారు. తరవాత అసలు సంగతి తేలింది. ఆ బంగారంతో మావాడికి ఏ సంబంధమూ లేదు. “ఇక పో” అన్నారు. అంతే.

ఇది ఒక అధికారి నోటి దురుసు అయితే ఇంత రాసేవాణ్ని కాదు. ఆయనకు మావాడి గురించి తెలిసిందల్లా కార్డు వెనక ఉన్న ఒక్క లైను. ఆ లైను చూడగానే మనిషి తేలిపోయాడని ఆయనకెందుకు అనిపించిందో, దానికి నూటయాభై ఏళ్ల వెనక్కి పోవాలి. సోషల్ మాస్టర్ని కదా, కాస్త ఓపిక పట్టండి.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చింది. ఈ దేశంలో వడ్రంగానికీ నేతకూ కులాలున్నట్టే దొంగతనానికీ కులాలున్నాయి, అది తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది అన్నది దాని వెనకున్న వాదన. మొదట ఉత్తరాదిలో అమలు చేశారు. 1911లో చట్టాన్ని తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. ఒక తెగను నోటిఫై చేస్తే చాలు, అందులో పుట్టినవాళ్లు ఏ నేరమూ చేయకపోయినా రిజిస్టర్‌లోకి ఎక్కొచ్చు. ఎక్కారంటే వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు వేయించుకోవాలి, పాసు లేనిదే ఊరు దాటకూడదు. ఆరేళ్లు నిండిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం కూడా ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది.

అంతకుముందు మావాళ్లు ఏం చేసి బతికారో తెలుసుకోడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. సర్కారు వారి ఎస్టీ జాబితాలో ఈరోజుకీ ‘ఉప్పు ఎరుకల’ అని ఉంది. కోస్తాలో ఉప్పు కొని ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి ఊళ్లకు తీసుకెళ్లి అమ్మేవాళ్లు, తిరుగుదారిలో ధాన్యం తెచ్చేవాళ్లు. బుట్టలు అల్లేవాళ్లు, చాపలు నేసేవాళ్లు, ఆడవాళ్లు సోది చెప్పేవాళ్లు. రైలొచ్చింది. ఉప్పు మీద సర్కారు పెత్తనం బిగిసింది. 1876–78 నాటి కరువు మిగిలింది ఊడ్చేసింది. బేరాలు పోయి దిక్కుతోచక తిరుగుతున్న జనాన్ని చూసి, వీళ్లకు స్థిరమైన ఊరు లేదు, పొలం లేదు, మరెలా తింటున్నారు, దొంగతనం చేసే అయ్యుంటుంది అని తేల్చారు. కూడు తీసినవాళ్లే ఆ ప్రశ్న అడగడం చూడండి!

1913లో బాపట్ల దగ్గర సెటిల్‌మెంట్, అంటే ఇలాంటి తెగలను కాపలాలో ఉంచే కాలనీ, పెట్టి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. మద్రాసు గవర్నర్ కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద అది స్టూవర్టుపురం అయింది. సీతానగరంలో, కావలి దగ్గర కూడా ఇలాంటివే పెట్టారు. మా తాతల తరం పాసులు చేతబట్టుకుని పొలాలకూ, చీరాల పొగాకు కంపెనీకీ కూలికెళ్లింది. మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. మమ్మల్ని విముక్త జాతులన్నారు. మద్రాసు ప్రభుత్వం మాత్రం 1948లోనే ‘అలవాటు నేరస్థుల’ చట్టం ఒకటి చేసి పెట్టుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1962లో అలాంటిదే మరొకటి చేసుకుంది. జాతి మొత్తాన్ని పట్టుకోవడం పోయి ఒక్కొక్కణ్ని పట్టుకోవడం వచ్చింది, కానీ ఎవర్ని పట్టుకోవాలనే అలవాటు మారలేదు.

దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో వరసగా చెబుతాను.

1. ముందుగా పోయేది కూలి. స్టేషన్‌లో కూర్చున్న ప్రతి రోజూ మావాడికి పని లేదు, పని లేకపోతే డబ్బు లేదు. బయటికొచ్చాక ఏసీల కంపెనీ డీలర్ మళ్లీ పిలవలేదు. “నువ్వు మంచోడివే, కస్టమర్లు భయపడతారు” అన్నాడు. వేసవి సీజన్ మొత్తం పోయింది. ఏసీ మెకానిక్‌కు వేసవి పోయిందంటే ఏడాది పోయినట్టే. మా అక్క చెవులవి తాకట్టు పెట్టి వకీలు దగ్గరికి వెళ్లింది. ఇదంతా నేరం రుజువైనవాడికి కాదు, నేరం మోపబడినవాడికి కూడా కాదు. మీ కాగితాల్లో మావాడి పేరు ఎక్కడా లేదు కాబట్టి ఈ నష్టం కూడా ఎక్కడా లేదు.

2. అద్దె ఇల్లు. పోలీసులు గదికొచ్చి వెతికిన మర్నాడే ఓనర్ ఖాళీ చేయమన్నాడు. ఇది ఎప్పుడూ ఉన్నదే. మాలో చాలామంది ఊరి పేరు అడిగితే బాపట్ల అంటారు, చీరాల అంటారు. ఆధార్‌లో అడ్రస్ మార్పించుకున్న కుటుంబాలు నాకు తెలుసు. చదువుకుని ఉద్యోగం వచ్చినవాళ్లకు పోలీసు వెరిఫికేషన్ అంటే టెన్షన్, పాస్‌పోర్ట్ అంటే టెన్షన్. కేసు లేనివాడికి భయమెందుకు అని మీరడగొచ్చు. మావాడి మీద కూడా కేసు లేదు కదండీ.

3. బడి. ఇది నా కళ్ల ముందు రోజూ జరిగేది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఏడో తరగతిలో జామెట్రీ బాక్సు పోతుంది. టీచరు ఏమీ అనకముందే పిల్లలంతా ఒకే బెంచీ వైపు తిరుగుతారు. ఆ బెంచీలో కూర్చున్న పిల్ల ఎవరూ అడక్కుండానే తన సంచీ తీసి బల్ల మీద బోర్లిస్తుంది. పుస్తకాలు, టిఫిన్ డబ్బా, రిబ్బను అన్నీ కింద పడతాయి. పన్నెండేళ్ల పిల్లకు ఇది అలవాటైపోయింది. బాక్సు మామూలుగానే వేరే తరగతి గదిలో దొరుకుతుంది. ఆ తరవాత ఆ పిల్ల బడికి రావడం తగ్గిస్తుంది. మేం రిజిస్టర్‌లో ‘డ్రాపౌట్’ అని రాసుకుంటాం, కారణం కాలమ్‌లో ‘ఇంటి పరిస్థితులు’ అని రాస్తాం. పిల్లలకు ఇది ఎవరు నేర్పారంటే ఇంట్లో పెద్దలు, పెద్దలకు టీవీ, టీవీకి మీ ప్రెస్‌మీట్లు.

4. ముఠాల పేర్లు. నాలుగు ఇళ్లలో దొంగతనం జరిగితే ‘పార్థీ గ్యాంగ్’ అంటారు. పార్థీ అన్నది ఒక తెగ పేరు. అందులో పసిపిల్లలున్నారు, ముసలమ్మలున్నారు. దొంగలు ఎవరో తెలియకముందే వాళ్ల కులం మాత్రం ఎలా తెలిసిపోతుంది? కోట్లకు కోట్లు బ్యాంకులకు ఎగ్గొట్టినవాడి విషయంలో ఆయన కులం పేరు పెట్టి ఫలానా గ్యాంగ్ అని ఏ అధికారీ అనరు, ఏ పేపరూ రాయదు. అనకూడదు కూడా. మరి మాకెందుకు?

ఇది మాటలతో పోయే వ్యవహారం కాదు. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని రెండు రాష్ట్రాల్లోనూ వాట్సాప్‌లో పుకార్లు తిరిగాయి. ఊళ్లలో జనం కర్రలు పట్టుకుని కాపలా కాశారు, కొత్తవాళ్లు కనపడితే చాలు కొట్టారు. అదే ఏడాది జూలై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రాయిన్‌పాడాలో భిక్షాటన చేసుకునే సంచార జాతివాళ్లు ఐదుగుర్ని జనం కొట్టి చంపేశారు. ఆ పుకార్లను నమ్మొద్దని మీ శాఖే అప్పుడు ఊరూరా చెప్పింది, నేను మరిచిపోలేదు. కానీ జనం అంత తేలిగ్గా ఎందుకు నమ్మారో ఆలోచించండి. గుడారం వేసుకున్నవాళ్లను, పందులు కాచుకునేవాళ్లను, గంగిరెద్దుల వాళ్లను అనుమానించాలని వాళ్లకు ముందే తెలుసు.

5. అసలు దొంగ దొరకడు. మావాణ్ని కూర్చోబెట్టిన ఆ రోజుల్లో ఆ అపార్ట్‌మెంట్ కెమెరాలు ఎవరూ చూడలేదు. బంగారం పోయినావిడ కూడా నష్టపోయినట్టే.

“మీ ఊళ్లో దొంగలు లేరా?” అని అడుగుతారు. నన్ను చాలామంది అడిగారు, కొందరు నవ్వుతూ అడిగారు. ఉన్నారు. ఒకప్పుడు బ్యాంకులు కొట్టినవాళ్లూ ఉన్నారు, వాళ్ల కథలు సినిమాలయ్యాయి, 1991లో ఒకే ఏడాది మా ఊరి పేరు పెట్టుకుని రెండు సినిమాలొచ్చాయి. నేరం చేసినవాణ్ని పట్టుకోండి, శిక్షించండి, మేం అడ్డం రాం. కానీ ఆ కాలంలోనే సంఘ సంస్కర్తలు హేమలతా లవణం, లవణం గార్లు మా ఊరికొచ్చి మనుషులతో కూర్చుని మాట్లాడి ఎందరినో ఆ దారి నుంచి తప్పించారు. 2018 కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల వెయిట్‌లిఫ్టింగ్‌లో స్వర్ణం తెచ్చిన రాగాల వెంకట రాహుల్ మా ఊరివాడు. మా పాత కథ ఎత్తకుండా ఆ కబురు చెప్పినవాళ్లు తక్కువ.

ఇంకొందరు చదువుకున్న అధికారులు రికార్డులు చూపిస్తారు. మీవాళ్ల పేర్లే ఎక్కువున్నాయి, మేమేం చేస్తాం అంటారు. ఎక్కడ దొంగతనం జరిగినా మావాళ్లనే తెస్తే రికార్డులో ఎవరి పేర్లుంటాయి? అనుమానం వచ్చిందని హిస్టరీ షీట్, అంటే ఒక మనిషి మీద నిఘాకు స్టేషన్‌లో ఉంచే ఫైలు, తెరుస్తారు, షీట్ ఉందని అనుమానిస్తారు. ఇప్పుడు ఆ పాత షీట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయి. మా నాన్నను చూసి రాసిన మాట రేపు నా కొడుకు ఫోటో పక్కన తెర మీద వస్తుంది. ఈసారి రాసినవాడు ఎవడో కూడా తెలియదు.

మేం అడిగేదేమీ గొంతెమ్మ కోరిక కాదు. సుప్రీంకోర్టు ఇప్పటికే చెప్పింది. 2024 మే 7న అమానతుల్లా ఖాన్ కేసులో, వెనకబడిన వర్గాల్లో పుట్టారన్న కారణంతో అమాయకుల పేర్లు యాంత్రికంగా హిస్టరీ షీట్లలోకి ఎక్కకుండా చూడాలంది. జాయింట్ కమిషనర్ స్థాయికి తగ్గని అధికారి వాటిని ఎప్పటికప్పుడు తనిఖీ చేయాలని ఢిల్లీ పోలీసులకు చెప్పి, ఇలాంటి ఏర్పాటును మిగతా రాష్ట్రాలూ పరిశీలించాలంది. అదే ఏడాది అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో జైలు రిజిస్టర్ల నుంచి కులం కాలమ్ తీసేయమంది. విముక్త జాతులవాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా 2014 నాటి అర్నేష్ కుమార్ తీర్పునూ, పైన చెప్పిన అమానతుల్లా ఖాన్ తీర్పునూ పోలీసులు పాటించాలంది. తీర్పు ఢిల్లీలో వచ్చింది. మావాణ్ని కూర్చోబెట్టిన స్టేషన్ దాకా రాలేదు.

కాబట్టి ఇవి చేయండి.

1. రెండు రాష్ట్రాల్లో ఉన్న హిస్టరీ షీట్లు, సస్పెక్ట్ షీట్లు అన్నిటినీ ఆరు నెలల్లో పై స్థాయి అధికారులతో తనిఖీ చేయించండి. కులం, ఊరు, చుట్టరికం తప్ప వేరే ఆధారం లేనివి మూసేయండి. మూసేసినట్టు ఆ మనిషికి కాగితం ఇవ్వండి. ఎన్ని తెరిచి ఉన్నాయి, ఎన్ని మూశారు అన్న లెక్క జిల్లాలవారీగా బయట పెట్టండి.

2. ప్రశ్నించడానికి పిలిస్తే నోటీసు ఇచ్చి పిలవండి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో 35వ సెక్షన్ ఉన్నది అందుకే. అదే చట్టం 37వ సెక్షన్ ప్రకారం అరెస్టయినవాళ్ల వివరాలు ప్రతి స్టేషన్‌లో, జిల్లా కేంద్రంలో అందరికీ కనపడేట్టు పెట్టాలి. ఆ బోర్డులు ఎక్కడెక్కడ ఉన్నాయో మీరే ఒకసారి చెప్పాపెట్టకుండా వెళ్లి చూడండి.

3. రికవరీ పేరుతో నగ తీసుకుంటే అక్కడికక్కడే తూకం, గుర్తులు రాసి, సాక్షుల సంతకాలు పెట్టించి, రసీదు ఇవ్వాలి. రసీదు లేకుండా ఆడవాళ్ల మెడలో, చెవుల్లో ఉన్నవి అడిగినవాళ్ల మీద కేసు పెట్టాలి.

4. ప్రెస్‌నోట్లలో, ప్రెస్‌మీట్లలో కులం, తెగ, ఊరి పేరును ముఠా పేరుగా వాడొద్దని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. విలేకరులకు కూడా ఇదే నా విన్నపం. మీరు రాయకపోతే సగం పని అయిపోతుంది.

5. 1962 నాటి అలవాటు నేరస్థుల చట్టాన్ని రద్దు చేయాలని హోంశాఖకు సిఫారసు చేయండి. ఎరుకల, యానాది, లంబాడీలకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అండ కాగితం మీదైనా ఉంది. బీసీ జాబితాలో ఉన్న వడ్డెర, దొమ్మర వాళ్లకు అదీ లేదు. మీరిచ్చే ఉత్తర్వు ఏదైనా వాళ్లకూ వర్తించాలి.

6. మా అర్జీ మీద ఆ జిల్లాకు సంబంధం లేని అధికారితో విచారణ చేయించండి. స్టేషన్‌లో ఆ రోజుల సీసీ కెమెరా రికార్డింగ్ చెరిగిపోకముందే తెప్పించండి. ఎస్సీ, ఎస్టీ చట్టం వర్తిస్తే అది పెట్టండి, వర్తించకపోతే ఎందుకు వర్తించదో రాసివ్వండి.

వీటిలో మీ సంతకంతో అయ్యేవి ఏవి, హోంశాఖకు పోవాల్సినవి ఏవి అన్నది విడగొట్టి మాకు జవాబివ్వండి. మీ చేతిలో లేనివాటి కోసం మేం సెక్రటేరియట్‌కు వెళ్తాం. జవాబే రాకపోతే ఈ ఉత్తరం కాపీ జతచేసి జాతీయ ఎస్టీ కమిషన్‌కూ, హైకోర్టుకూ వెళ్తాం. కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. మావాడు సాక్ష్యం చెప్పడానికి సిద్ధంగానే ఉన్నాడు. అతనితో పాటు పిలిచిన మిగతా ఇద్దరు కుర్రాళ్లూ, వాళ్లు మా కులం కాకపోయినా, వచ్చి చెబుతామన్నారు.

ఇట్లు,
స్టూవర్టుపురానికి చెందిన ఒక స్కూల్ అసిస్టెంట్